మస్టరులో నర్సమ్మ పేరు

గుమ్మం దగ్గరి ప్రశ్న

మండల కార్యాలయాలలో కొత్తగా చేరిన యువ ఉద్యోగులు అప్పుడప్పుడు చేవెళ్లలోని నా ఇంటికి వస్తుంటారు. దస్త్రం ఎలా నడపాలి, తనిఖీకి వచ్చిన పై అధికారితో ఎలా మాట్లాడాలి అని అడుగుతారు. వాటికి నేను పెద్దగా సమాధానం చెప్పను. అవి కొన్ని నెలలలో ఎవరికైనా పట్టుబడే విద్యలు. టీ తాగి లేచి, చెప్పులు తొడుక్కుంటూ, గుమ్మం దగ్గర మాత్రం దాదాపు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "మేడం, పని చేయనివాళ్లకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం న్యాయమేనా?"

గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు గుమ్మం దగ్గరే సమాధానం చెప్పడం కుదరదు. వారు వెళ్లిపోతారు. ఇల్లు మళ్లీ మామూలుగా అయిపోతుంది. కప్పులు కడిగి బోర్లించి, కుర్చీలు గోడకు చేర్చి, ఆ సమాధానాన్ని గదిలో నాకు నేనే చెప్పుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నేను మాట్లాడితే వినడానికి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి ఉండేవారు. ఇప్పుడు లేరు. అందుకే వ్రాస్తున్నాను.

మొదటే ఒక మాట స్పష్టం చేయాలి. సాయానికి పనిని షరతుగా పెట్టడాన్ని నేను వ్యతిరేకించను. మొయినాబాద్ మండల అభివృద్ధి అధికారిగా నా చివరి ఏళ్లలో ఉపాధి హామీ పనులను ఆ షరతు ప్రకారమే నడిపాను. వేళకు రానివారికి హాజరు వేయనివ్వలేదు. కొలతకు తగ్గిన గుంతకు పూర్తి కూలి వ్రాయనివ్వలేదు. అందుకు నేడు చింతించడం లేదు. అయితే షరతు అనేది జల్లెడ వంటిది. అందులో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో చూడకుండా జల్లించేవారు చెడ్డ అధికారులు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే.

కరువు పని

ఊళ్లలో ఈ పథకాన్ని దాని పేరుతో ఎవరూ పిలవరు. "కరువు పని" అంటారు. చెరువులు అలుగు పోస్తున్న సంవత్సరం కూడా అది కరువు పనే.

నా పై అధికారి ఒకరికి ఈ మాట గిట్టేది కాదు. నిజాయితీపరుడు, చురుకైనవాడు. "కరువు ఎక్కడ ఉంది? ఈ మాట వల్లే ఇది బిచ్చంలా కనిపిస్తోంది. ఇకమీదట ఎవరూ వాడకూడదు" అని సమావేశంలో ఆజ్ఞాపించారు. తరువాత ఆయన మా మండలంలోనే ఉన్న హిమాయత్‌నగర్ అనే ఊరికి పనులు చూడడానికి వచ్చారు. అక్కడ మేట్‌గా ఉన్న స్వప్న అనే యువతి, అంటే మస్టరులో కూలీల హాజరు వేసి ఫోటో తీసే బాధ్యురాలు, అందరికీ ముందే పాఠం చెప్పి ఉంచింది. అధికారి నేరుగా బాలమణి దగ్గరకు వెళ్లారు. బాలమణి ఆ గుంపులో నోరున్న మనిషి.

"ఏమ్మా, ఈ పనిని ఏమంటారు?"

"ఉపాధి హామీ సార్."

"శభాష్! ఎన్నాళ్ల నుంచి వస్తున్నావు?"

"కరువు పనికా సార్? శురూ అయిన కాడినుంచి వస్తున్న."

గుంపంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయనకు ఇష్టమైన మాట మరొకటి ఉండేది. "చెమట కనిపించాలి మేడం. చెమట కనిపిస్తేనే కూలి." నేను ఆ మాటను చాలాకాలం మెచ్చుకున్నాను. అందులో లోపమల్లా ఒక్కటే. కొందరి కష్టం చెమట పట్టే చోటికి రాకముందే వారిని పడగొడుతుంది.

గేట్లు

"పని కావాలంటే బోలెడు పని ఉన్నది, వీళ్లే సోమరులు" అనే మాట మీరు రోజూ వింటారు. మా మండలంలో ఈ మాట మరీ ఎక్కువ. అజీజ్‌నగర్ వైపు పొలాలన్నీ ఫాంహౌజులు, రిసార్టులు అయిపోయాయి. ప్రతి గేటుకూ కాపలాదారు కావాలి, తోటమాలి కావాలి, వంటమనిషి కావాలి. ఇంత పని ఉండగా కరువు పని ఎందుకని ఫాంహౌజుల యజమానులు నన్నే నిలదీసేవారు.

అక్కడ పని ఎలా ఇస్తారో చూడండి. గేటు దగ్గరి చిన్న గదిలో భార్యాభర్తలను జంటగా పెట్టుకుంటారు. భర్త కాపలా, భార్య వంట. ఒంటరిగా వెళ్లిన స్త్రీని అడిగే మొదటి ప్రశ్న "మొగుడెక్కడ?" దానికి సమాధానం లేనివారు గేటు బయట నుంచే తిరిగి రావాలి. పని ఉన్నది అనడం, ఈ మనిషికి పని ఉన్నది అనడం రెండూ ఒకటి కావు. పనిని షరతుగా పెట్టే ప్రభుత్వం ముందుగా తన షరతు తాను నెరవేర్చాలి. అడిగిన రోజున, అడిగిన మనిషికి పని చూపించాలి.

పని అడగడానికి వచ్చినామె

ఒకనాడు మధ్యాహ్నం, ఆఫీసు పలచబడిన వేళ, ఒక స్త్రీ నా గదిలోకి వచ్చింది. యాభై ఏళ్లు ఉండవచ్చు. మంచి చీర, కాని పాతది. చెప్పులు బయట విడిచి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏ ఊరమ్మా?"

"హిమాయత్‌నగర్ మేడం. జంగారెడ్డి మా బావ."

నేను కలం కింద పెట్టాను. జంగారెడ్డి అప్పుడు మండల పరిషత్ సభ్యుడు, భూములున్న కుటుంబం. ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ లేచి, "పని చెయ్యనోనికి పైసలెందుకు మేడం? మంది సోమరులైతున్నరు" అని మాట్లాడే మనిషి. ఆయన తమ్ముడి భార్య ఈమె.

"మీకేం కావాలి?"

"కరువు పని."

"మీకా?"

"నాకే. కడుపు అందరికి ఒక్క తీరె ఉంటది గద మేడం."

ఆమె భర్త తన వాటా భూమి అమ్మి పట్నంలో వ్యాపారం పెట్టాడు. అది మునిగింది. ఒకనాడు బస్సెక్కి పోయినవాడు మళ్లీ రాలేదు. ఆమె ఆ పెద్ద ఇంటి వెనుక గదిలో వేరుగా పొయ్యి పెట్టుకుని, జాకెట్లు కుట్టి బతికింది. కళ్లు మందగించాక సూదిలో దారం ఎక్కడం మానింది.

ఒంటరి మహిళల పింఛను గురించి చెప్పాను. గడ్డపార ఎత్తనక్కరలేదని కూడా చెప్పాను.

"దానికేం జెయ్యాలె?"

"భర్త వదిలిపెట్టాడని గ్రామసభలో అందరి ముందు చెప్పాలి."

"ఆయన ఇడిసిపెట్టిండో, తప్పిపోయిండో నాకే ఎరుకలేదు మేడం. ఎరుకలేని ముచ్చట పదిమందిల ఎట్ల చెప్త? పని ఇయ్యిండ్రి. పని ఎరుకైన ముచ్చట."

ఆధార్ కార్డు అడిగాను. అందులో పేరు నర్సమ్మ అని ఉన్నది. ఆమె తెచ్చిన స్వప్న చీటీలో మాత్రం సుశీలమ్మ అని ఉన్నది. కారణం అడిగితే ఆమె మొదటిసారి నవ్వింది.

"నా పేరు నర్సమ్మనె మేడం. మా అత్త పేరు గూడ నర్సమ్మనె. కోడల్ని తిడితె అత్తకు తగుల్తదని పెండ్లినాడే సుశీలని మార్చిండ్రు."

"అత్తగారు ఉన్నారా?"

"పోయి మస్తు ఏండ్లాయె. పేరు మాత్రం నాకు వాపసు ఇయ్యలే."

బావకు తెలియకూడదని మాత్రం కోరింది. పనికి వచ్చేవారి సంగతి బంధువులకు తెలియజేయాలని ఏ నిబంధనా చెప్పదు. జాబ్ కార్డు ఇప్పించాను. ఆమె పనిలో చేరింది. ఊరంతటికీ తెలుసు; జంగారెడ్డికి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన పొద్దున కారెక్కితే పొద్దుగూకాకే ఇల్లు చేరే మనిషి.

సభలో పలికిన పేరు

ఉపాధి పనులకు సామాజిక తనిఖీ అని ఒకటి ఉంటుంది. చివర గ్రామసభ పెట్టి, ఎవరు పనిచేశారో పేర్లు పైకి చదువుతారు. దొంగ పేర్లుంటే ఊరే పట్టుకుంటుంది. మంచి పద్ధతి. మీరు దానిని ఎన్నడూ తూతూమంత్రంగా జరపకండి.

హిమాయత్‌నగర్ సభలో జంగారెడ్డి ముందు వరుసలో కూర్చున్నాడు. "అందరి పేర్లు చదువుండ్రి. ఎవలు పని జేసిండ్రో, ఎవలు చెట్టుకింద పన్నరో తెలవాలె" అన్నాడు.

వెనుక నుంచి బాలమణి గొంతు వినిపించింది. "పండనీకె చెట్టేడున్నది పటేలా? అన్ని కొట్టి ప్లాట్లు జేస్తిరి."

నవ్వులు లేచాయి. ఆమె అంతటితో ఆగలేదు. "మీ పొలంల రిసార్టోళ్లు గడ్డి పెంచవట్టిరి. పెట్టుబడి సాయం మీకు రావట్టె. గా గడ్డి మీరే కోస్తున్నరా?"

"నీకు నోరెక్కువైందే బాలమణీ!" అన్నాడు కాని, ఆయన కూడా కోపంగా అనలేదు. అంతవరకు సభ అలా సరదాగానే నడిచింది.

చదివే కుర్రాడు తరువాతి పేరు చదివాడు. ఇంటిపేరుతో సహా, నర్సమ్మ.

జంగారెడ్డి లేచి నిలబడ్డాడు. "ఆగు. ఏం పేరు సదివినవ్?"

కుర్రాడు మళ్లీ చదివాడు.

"అది మా అవ్వ పేరు! మా అవ్వ సచ్చిపోయి ఎన్నేండ్లాయె! సచ్చినోళ్ల పేరు మీద గూడ కూలి ఎత్తుతున్నర్రా?" అది నటన కాదు. తల్లి పేరు అలా బజారులో వినిపించడం ఆయనను నిజంగానే గాయపరిచింది. "ఈ పిల్లను నౌకరిలకెల్లి తీసెయ్యాలె మేడం. కేసు వెట్టాలె" అని స్వప్నను వేలెత్తి చూపాడు.

ఎవరూ నవ్వలేదు. ఆడవారంతా నేల చూశారు. తమ్ముడి భార్య అసలు పేరు ఆ మనిషికి తెలియదని ఆ క్షణం అందరికీ అర్థమైంది. ఆయన ఆమెను ఏ పేరుతోనూ పిలిచి ఎరుగడు. ఆ ఇంట ఆమె "చిన్నామె", అంతే. ఆమె ఆ సభకు రాలేదు. బావ కూర్చున్న చోట ఆ ఇంటి కోడళ్లు కూర్చోరు.

స్వప్న నోరు విప్పితే తన ఉద్యోగం నిలబడేది. విప్పలేదు. నా వైపు మాత్రం చూసింది.

"ఈ పేరు గల మనిషి బతికే ఉన్నది. రేపు ఉదయం పని దగ్గర అందరి ముందు హాజరు పిలిపిస్తాను. మీరూ రండి" అన్నాను.

"ఎవలామె?"

"రేపు చూడండి."

సభ ముగిశాక స్వప్న చేత నర్సమ్మకు కబురు పంపాను. రమ్మని ఆజ్ఞాపించలేదు, రావద్దని కూడా అనలేదు. ఆమె వస్తే ఇన్నేళ్లుగా ఆమె కాపాడుకుంటూ వచ్చిన మర్యాద పోతుంది. రాకపోతే స్వప్న మీద దొంగ హాజరు నేరం పడుతుంది. ఇందులో నేను చేయగలిగినది ఏమీ లేదు. ఇటువంటి సమయాలు మీకూ వస్తాయి. అధికారి కుర్చీలో కూర్చున్నందువల్ల ఒంటరితనం ఎంతమాత్రం తగ్గదని అప్పుడు తెలుస్తుంది.

మట్టికుప్ప చాటున

ఊరి బయట బీడు భూమిలో కందకాలు తవ్వుతున్నారు. నేను వెళ్లేసరికి జంగారెడ్డి తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు. కూలీలు వరుసగా నిలుచున్నారు. వరుసలో నర్సమ్మ లేదు.

స్వప్న పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే పలికారు. చివరికి, "నర్సమ్మ!"

జవాబు రాలేదు.

"పలుకుతదా? సచ్చినామె ఎట్ల పలుకుతది?" అన్నాడు జంగారెడ్డి.

స్వప్న మళ్లీ పిలిచింది. బాలమణి పార నేలకు ఆనించి, ఎటో చూస్తూ, "పలుకరాదె అక్కా" అన్నది.

ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉన్నది. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడదు. చెప్పవలసినది ఏదైనా ఉంటే తలుపు చాటు నుంచి చెబుతుంది. బీడు భూమిలో తలుపు ఎక్కడ ఉంటుంది? తవ్విపోసిన మట్టికుప్ప ఒకటి ఉన్నది. దాని వెనుక నుంచి మాట వచ్చింది.

"నేనే బావా. మీ అవ్వ గాదు. మీ తమ్ముని పెండ్లాన్ని."

జంగారెడ్డి ఒక్కసారిగా తల తిప్పాడు. ఆమె ముఖం ఆయన సరిగా చూసి ఉండడు. గొంతు మాత్రం ఇన్నేళ్లుగా తలుపు వెనుక నుంచి విన్నదే. అందుకే వెంటనే పోల్చుకున్నాడు. నాలుగు అడుగులు వేస్తే కుప్ప అవతలి మనిషి కనిపిస్తుంది. ఆయన వేయలేదు. మట్టికుప్పతోనే మాట్లాడాడు.

"నువ్వు నర్సమ్మవా?"

"సర్కారు కాయితంల గదే పేరు బావా. మా అమ్మ వెట్టిన పేరు."

"ఇంట్ల నీకేం తక్కువైంది?"

"పొయ్యిని అడిగితె చెప్తది పటేలా" అన్నది బాలమణి. ఆయన ఆమె వైపు చూడకుండా కారు దగ్గరకు నడిచి వెళ్లిపోయాడు.

మనిషిని కళ్లారా చూసి సరిపోల్చాలని నిబంధన. నేను కుప్ప చుట్టి వెళ్లాను. నర్సమ్మ తట్ట పక్కన కూర్చుని గాజుల మీది మన్ను తుడుచుకుంటున్నది. కార్డులోని ఫోటోతో పోల్చి, సరిపోయినదని నమోదు చేయించాను. స్వప్న ఉద్యోగం నిలిచింది.

రెండు షరతులు

కొన్ని రోజులకు నర్సమ్మ మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చున్నది.

"బావ బియ్యం పంపిండు మేడం. బస్తాలకు బస్తాలె. పప్పు, నూనె గూడ. ఇంటి ఆడిది మన్ను మోస్తె నేను మందిల ఎట్ల తిరుగుతనని వదినెతోని చెప్పిచ్చిండు. కరువు పనికి పోవుడు బంద్ జేస్తె జిందగీ మొత్తం పంపిస్తడట."

"మీరేమన్నారు?"

ఆమె తిరిగి నన్నే అడిగింది. "సర్కారు పని జేస్తెనె ఇస్తనంటది. బావ పని జెయ్యకుంటెనె ఇస్తనంటడు. మనిషివి, తిను అని ఊకె ఇచ్చేటోళ్లు ఒక్కలన్న లేరా మేడం?"

నాకు తెలిసి లేరని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. మరునాటి నుంచి పనికి రాలేదు.

మీ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. పని షరతు సోమరులను వడగడుతుందని మనం అనుకుంటాం. సోమరికి సిగ్గు ఉండదు. వాడు ఎవరి వెనుకనో నిలబడి ఫోటోలో పడి, మధ్యాహ్నానికి ఇంటికి పోతాడు. జల్లెడలోంచి మొదట జారిపోయేది సిగ్గుపడేవారు, చేతకానివారు, "మొగుడెక్కడ" అన్న ప్రశ్నకు జవాబు లేనివారు. వారు ధర్నా చేయరు. ఒకనాటి నుంచి కనబడకుండా పోతారు. కనబడనివారి లెక్క మన దగ్గర ఉండదు గనుక షరతు బాగా పనిచేస్తున్నదని నివేదిక వ్రాస్తాం.

జంగారెడ్డిని మీరు చెడ్డవాడిగా తీసుకోవద్దు. బియ్యం తన కారులోనే పంపాడు, మాట తప్పలేదు. ఆయనకు తెలిసిన గౌరవం అదే. అయినా సర్వసభ్య సమావేశాలలో పని షరతు గురించి మాట్లాడడం మాత్రం ఆ తరువాత మానేశాడు. నాకూ నెలనెలా పింఛను వస్తున్నది. గడ్డపార పట్టమని నన్ను ఎవరూ అడగడం లేదు. ఒకప్పుడు పనిచేశావు కదా అంటారు. మన్ను మోసినవారు, వంటింట్లో అరిగిపోయినవారు ఒకప్పుడు పనిచేయలేదా? ఈ మాట నేను సమావేశంలో అనవలసిన రోజులలో నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది, ఇక్కడ సమావేశం లేదు.

కనుక షరతు పెట్టండి. కాని పెట్టినవారే ఊళ్లోకి వెళ్లి, రానివారి గుమ్మాల ముందు నిలబడండి. ఎందుకు రాలేదని కేకలు వేయడానికి కాదు. ఏమి తిన్నారని అడగడానికి.

చివరి వారం

పదవీ విరమణకు ముందు వారం నేను పనులన్నీ ఒకసారి చూసి రావాలని తిరిగాను. వీడ్కోలు సన్మానాల వల్ల కాదు. సోమవారం నుంచి నాకు వెళ్లవలసిన చోటు ఉండదని తెలిసి తిరిగాను. హిమాయత్‌నగర్‌కు షేర్ ఆటోలో వెళ్లాను. ఉదయం ఎండ ఇంకా పదునెక్కలేదు. కూలీలు అప్పుడప్పుడే చేరుతున్నారు. వారిలో నర్సమ్మ ఉన్నది.

"మళ్లీ వచ్చారా?"

"వచ్చిన మేడం."

"బియ్యం?"

"వాపసు పంపిన. బావ కోపంజేసిండు. ఎదురుంగ నిలబడి చెప్పిన, మీ బియ్యంల తప్పేం లేదు బావా అని." తట్ట నేల మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకున్నది. "అబద్ధమెందుకు, మంచి సన్నబియ్యం. వండుకున్న, ఒక్కదాన్నె తిన్న, గిన్నె కడిగిన. మల్ల పొద్దుగూకెదాక గోడ దిక్కు చూసిన. ఎవలతోని మాట్లాడాలె? ఒకనాడు నాకే అనుమానమొచ్చింది మేడం, గొంతు ఉన్నదా పోయిందా అని. చూద్దామని నా పేరు నేనే పిలుసుకున్న, నర్సమ్మా అని."

ఆమె తన మాటకు తానే కొంచెం సిగ్గుపడి నవ్వింది.

"పిచ్చి లేస్తదేమోనని భయమైంది. గీడైతె పొద్దుగాల ఒక్కసారన్న పిలుస్తరు."

అవతల స్వప్న ఫోటోకు ముందు పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఫోటో వచ్చాక పిలవవలసిన అవసరం లేదు. అయినా ఆమె పిలుస్తూనే ఉన్నది, నేను వద్దనలేదు. నర్సమ్మ వంగి తట్ట అందుకోబోతుండగా ఆమె వంతు వచ్చింది. తట్ట వదిలి, నిటారుగా నిలబడి, బీడంతా దద్దరిల్లేలా పలికింది.

"ఉన్న!"

బాలమణి చెవులు మూసుకున్నది. "మెల్లగ అనరాదె అక్కా, ఊర్లకు ఇనవడ్డది."

"ఇనవడనియ్యి," అన్నది నర్సమ్మ.